జబ్బు పోయిందని పాడిన ఊరు

ఊరికి జబ్బు తగిలిందన్న కబురు ఒక్క పూటలో దేశాలు దాటిపోతుంది. తగ్గిందన్న కబురు పక్క వీధి దాకా కూడా వెళ్ళదు. కెనడాలోని టొరంటో నగరానికి 2003లో ఈ సంగతి బాగా తెలిసొచ్చింది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో హాంకాంగ్ నుంచి తిరిగొచ్చిన ఒక పెద్దావిడతో పాటు సార్స్ అనే అంటుజబ్బు ఆ ఊళ్ళో దిగింది. అప్పటికి ఆ జబ్బుకి పేరు కూడా పెట్టలేదు. ఏప్రిల్ నెలాఖరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, తప్పనిసరి అయితే తప్ప టొరంటో వెళ్ళొద్దని లోకానికంతటికీ చెప్పింది. వారం రోజులకే ఆ మాట వెనక్కి తీసుకుంది గానీ, అప్పటికే హోటల్ గదులు ఖాళీ అయిపోయాయి. జరగాల్సిన సభలు ఆగిపోయాయి. చైనాటౌన్ భోజనశాలల్లో వడ్డించేవాళ్ళే తప్ప తినేవాళ్ళు లేరు. మే నెలలో రెండో విడత మొదలైంది. మొత్తం మీద కెనడాలో 44 మంది పోయారు. జూలై 2న టొరంటోని సార్స్ వ్యాపిస్తున్న ప్రాంతాల జాబితాలోంచి తీసేశారు. ఇక మిగిలింది మా ఊరు బాగుంది, రండి అని టముకు వేయించడం. ఆ టముకు రోలింగ్ స్టోన్స్ రాక్ బృందం చేత వేయించారు.

ఎందుకు వాళ్ళచేతే అంటే దానికో కథ ఉంది. రోలింగ్ స్టోన్స్ బృందంలో గిటారు వాయించే కీత్ రిచర్డ్స్‌ని 1977లో ఇదే టొరంటోలో హెరాయిన్ కేసులో పట్టుకున్నారు. ఏళ్ళ తరబడి జైలు తప్పదనుకున్నారు. తీరా చూస్తే న్యాయమూర్తి, అంధుల సంస్థ కోసం ఒక కచేరీ చేసి పెట్టమని తీర్పు చెప్పాడు. 1979లో పక్కనున్న ఒషావా పట్నంలో రిచర్డ్స్ ఆ బాకీ తీర్చాడు. ఆ తర్వాత కూడా ఆ బృందం ఈ ఊరిని వదల్లేదు. 2002లో ప్రపంచ పర్యటనకు బయల్దేరే ముందు సాధన చేసుకున్నది టొరంటోలోనే. పైగా అదే పర్యటనలో సార్స్ దెబ్బ వాళ్ళకూ తగిలింది. 2003 వసంతంలో హాంకాంగ్, చైనా కచేరీలు రద్దయ్యాయి. మన బెంగళూరు, ముంబయి కచేరీలు మాత్రం ఏప్రిల్ మొదటి వారంలో జరిగాయి. వాళ్ళు మన దేశంలో వాయించడం అదే మొదలు.

ఒక సెనేటరూ, ఒక పార్లమెంటు సభ్యుడూ పూనుకుని తిరిగారు. తారీఖు కుదిరింది. 2003 జూలై 30, బుధవారం. స్థలం ఊరికి ఉత్తరాన డౌన్స్‌వ్యూ పార్కు. ఒకప్పుడు అది సైన్యం వాళ్ళ విమానాల మైదానం. టికెట్టు 21 డాలర్ల 50 సెంట్లు. ఆ రోజుల్లో మన డబ్బులో ఏడు వందల చిల్లర. రోలింగ్ స్టోన్స్ కచేరీకి అది టికెట్టు ధర కాదు, దానధర్మం.

ఆ నెలలో నేను మా అన్నయ్య వాళ్ళింట్లో ఉన్నాను. మా వదిన ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేసేది. ఆస్పత్రి వాళ్ళు చాలామందికి ఆ వసంతమంతా ఒక చిత్రమైన శిక్ష పడింది. ఉద్యోగానికి వెళ్ళాలి, ఇంటికి రావాలి, మధ్యలో ఇంకెక్కడా ఆగకూడదు. ఇంట్లో కూడా మూతికి మాస్కు తియ్యకూడదు. వేరే గది, వేరే కంచం. అన్నయ్య అన్నం గిన్నె గుమ్మం దగ్గర పెట్టి తలుపు కొట్టి వెళ్ళేవాడట. ఆ కచేరీకి టికెట్లు కొన్నది మా వదినే.

"నీకు రాక్ పాటలు ఇష్టమా వదినా?" అని అడిగాను.

"ఎవరు పాడితే నాకేంటి వదినా! ఇన్నాళ్ళూ మనుషుల పక్కన నిలబడకుండా బతికాను. ఒక్క రోజు జనం మధ్య నిలబడితే చాలు" అంది.

అన్నయ్య రానన్నాడు. ఘంటసాలని కూడా సన్నగా పెట్టుకుని వినే మనిషి. అతన్ని బలవంతం చెయ్యడం పాపం.

ఆ పొద్దున కాలింగ్ కార్డు గీకి రాజమండ్రి ఫోను చేశాను. అక్కడ సాయంత్రం. వింతేమిటంటే, సరిగ్గా ఆ రోజే గోదావరి పుష్కరాలు మొదలయ్యాయి. అమ్మ అప్పుడే రేవు నుంచి తిరిగొచ్చింది. "పన్నెండేళ్ళకోసారి వచ్చేదానికి రావే అంటే రాలేదు. అక్కడెక్కడో దొమ్మీలో పడి కొట్టుకోవడానికి వెళ్తున్నావా?" అని మందలించింది. పాటల కచేరీ అమ్మా అంటే, ఏదైతేనేం, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ఇంట్లోనే అనుకుని బయల్దేరండి అంది. ఆ ఒక్క మాట మాకు ఆ రోజు ఎంత అక్కరకొచ్చిందో చెప్పలేను. మధ్యాహ్నానికల్లా సెల్‌ఫోన్లు కలవడం మానేశాయి. ఒకే మైదానంలో లక్షల మంది ఒక్కసారి "ఎక్కడున్నావు?" అని అడగబోతే టవర్లు ఏం చేస్తాయి?

ఎంతమంది వచ్చారంటే, నాలుగున్నర లక్షల పైమాటే అని అంచనా. అయిదు లక్షలన్నవాళ్ళూ ఉన్నారు. టికెట్టు పెట్టి జరిపిన వాటిలో కెనడా దేశం అంతకు ముందు అంత పెద్ద జనాన్ని చూడలేదు. ఆ మైదానానికి మాత్రం జనం కొత్త కాదు. అంతకు ముందు ఏడాది జూలైలో రెండో జాన్‌పాల్ పోపు అక్కడే ప్రార్థన జరిపితే ఎనిమిది లక్షల మంది వచ్చారు. రైలు దిగినవాళ్ళని ఎటు నడిపించాలో, నీళ్ళు ఎక్కడ పెట్టాలో, జబ్బుపడ్డవాళ్ళని ఎటునుంచి తీసుకెళ్ళాలో ఊరికి ఒకసారి అలవాటైంది.

టొరంటోలో ఉండే జనంలో దాదాపు సగం మంది వేరే దేశాల్లో పుట్టినవాళ్ళు. భూగర్భ రైలు ఎక్కితే చాలు, అది కళ్ళకు కనిపిస్తుంది. మేము ఎక్కిన పెట్టెలో ఒక పంజాబీ కుర్రాడు నల్ల తలపాగా మీదికి నల్ల చొక్కా వేసుకుని నిలబడ్డాడు. చొక్కా మీద ఏసీడీసీ బృందం మెరుపు గుర్తు ఉంది. పక్కన ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళు ఇద్దరు మడత కుర్చీలు చంకన పెట్టుకున్నారు. మాకెదురుగా కూర్చున్న శ్రీలంక తమిళాయన పనికి వెళ్తున్నాడో కచేరీకి వెళ్తున్నాడో తెలియలేదు. మధ్యమధ్య వాచీ చూసుకుంటున్నాడు.

అయితే మైదానంలోకి వెళ్ళాక నేను చూసింది కొంచెం వేరు. పత్రికలు అన్ని జాతుల జనం అని గొప్పగా రాసుకునే మాటలో సగమే నిజం. గడ్డిమీద కూర్చున్నవాళ్ళలో తెల్లవాళ్ళే ఎక్కువ. మిగతా రంగులన్నీ చూడాలంటే, పనిచేసేవాళ్ళ వైపు తిరగాలి. గేటు దగ్గర సంచులు వెతికేవాళ్ళు, నీళ్ళ సీసాలు అమ్మేవాళ్ళు, చెత్త ఏరేవాళ్ళు. ఆ రోజు ప్రపంచమంతా అక్కడ ఉన్న మాట నిజమే, కానీ సగం ప్రపంచం జీతానికి వచ్చింది.

మరి కూర్చున్నవాళ్ళంతా ఒకే రకమా అంటే అదీ కాదు. నాకు వింతగా తోచింది వయసుల కలయిక. అరవై దాటినవాళ్ళు ఉన్నారు, తెల్లజుట్టు వెనక్కి ముడేసుకుని, రంగు వెలిసిన పాత కచేరీ బనియన్లు వేసుకుని. వాళ్ళ పిల్లలు ఉన్నారు. ఆ పిల్లల భుజాలెక్కి, చెవులకు దూది పెట్టుకున్న మనవలు ఉన్నారు. మా పక్కన చాప వేసుకున్నవాళ్ళు పల్లెటూరి రైతు కుటుంబం. తెల్లవారకముందే కారులో బయల్దేరారట. ఆయనకి పాటలకంటే గొడ్డుమాంసం బాధ ఎక్కువ. ఆ మే నెలలోనే ఆల్బర్టా రాష్ట్రంలో ఒక్క ఆవుకి పిచ్చి ఆవు జబ్బు బయటపడితే, చాలా దేశాలు కెనడా గొడ్డుమాంసం కొనడం మానేశాయి. అందుకని అదే మైదానంలో బ్రహ్మాండమైన పొయ్యిలు పెట్టి ఆల్బర్టా మాంసం కాల్చి అమ్మారు. మనుషుల జబ్బుకీ పశువుల జబ్బుకీ కలిపి ఒకే పండగ చేశారన్నమాట. మేము పొగకు ఎదురుగాలి చూసుకుని కూర్చుని, బంగాళాదుంప వేపుడుతో సరిపెట్టుకున్నాం.

ఎండ గురించి చెప్పాలి. కెనడా అంటే మంచు అనుకునేవాళ్ళు జూలై నెలలో నీడలేని ఆ మైదానంలో మిట్టమధ్యాహ్నం కూర్చుని చూడాలి. పాట పన్నెండు దాటాక మొదలైంది. సూర్యుడు రాత్రి తొమ్మిదికి ఓ పావుగంట ముందు గానీ దిగడు. తెల్లవాళ్ళు మా కళ్ళముందే ఎర్రగా కందిపోయారు. మా వదిన చీర చెంగు లేదని మొదటిసారి బాధపడింది. ఒక పాత చున్నీ ఇద్దరం నెత్తిన కప్పుకున్నాం.

వేదిక మాకు అరకిలోమీటరు దూరం. మనుషులు కనిపించరు, పెద్ద తెరల మీద బొమ్మలు కనిపిస్తాయి. మరి పాట? అక్కడే అసలు ఇంజనీరింగు ఉంది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే వేదిక మీద డ్రమ్ము మీద పడిన దెబ్బ మా దగ్గరికి రావడానికి ఒకటిన్నర సెకను పట్టాలి. అంతదూరం వినిపించాలని వేదిక దగ్గరే చప్పుడు పెంచితే ముందున్నవాళ్ళ చెవులు పోతాయి. అందుకని మైదానంలో అక్కడక్కడ స్తంభాలు నిలబెట్టి, వాటికి స్పీకర్లు కట్టి, ఒక్కొక్క స్తంభాన్ని దాని దూరానికి తగ్గట్టు లెక్కకట్టి ఆలస్యంగా మోగిస్తారు. అప్పుడు వేదిక నుంచి వచ్చే శబ్దం, పక్క స్తంభం శబ్దం ఒక్కసారే చేరి కలిసిపోతాయి. లేకపోతే ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. తెర మీద బొమ్మ మాత్రం వెలుతురు కదా, ముందే వచ్చేస్తుంది. కర్ర కింద పడటం చూస్తాం, చప్పుడు తర్వాత వింటాం. చప్పట్లు కూడా ముందు వరసల్లో మొదలై మా దగ్గరికి కాస్త ఆగి వచ్చేవి. వినోదం చూస్తున్నామా, భౌతికశాస్త్రం పాఠం చూస్తున్నామా అనిపించింది.

వేదిక ఎక్కినవాళ్ళ వరస చూస్తే, ఏ జాతి సంగీతమో చెప్పడం కష్టం. క్విబెక్ నుంచి లా షికాన్ అనే బృందం ఫ్రెంచిలో పాడింది. ఐస్లీ బ్రదర్స్ పాడారు. అమెరికా నల్లజాతి అన్నదమ్ములు. 1962లో వాళ్ళు పాడిన ట్విస్ట్ అండ్ షౌట్ పాటనే మరుసటి ఏడాది బీటిల్స్ తీసుకుని పాడారు. టొరంటోకే చెందిన జెఫ్ హీలీ వాయించాడు. పసితనంలోనే చూపు పోయిన మనిషి. గిటారుని ఒళ్ళో పడుకోబెట్టుకుని వాయించేవాడు. సాయంత్రం వచ్చిన రష్ కూడా ఈ ఊరి బృందమే. అందులో పాడే గెడ్డీ లీ తల్లిదండ్రులు హిట్లర్ నిర్బంధ శిబిరాల్లోంచి ప్రాణాలతో బయటపడి వచ్చిన పోలెండు యూదులు. గిటారు వాయించే అలెక్స్ లైఫ్‌సన్ అమ్మానాన్నలు వలస వచ్చిన సెర్బులు. ఇక రోలింగ్ స్టోన్స్ పేరే చికాగో నల్లజాతి గాయకుడు మడ్డీ వాటర్స్ 1950లో ఇచ్చిన పాట నుంచి తీసుకున్నది. జనంలో వెతికితే దొరకని కలగలుపు సంగీతంలో ఏనాడో జరిగిపోయింది. దాన్ని జరిపినవాళ్ళకి అప్పట్లో దక్కాల్సినంత డబ్బు దక్కలేదన్నది వేరే ప్రసంగానికి సరిపడే సంగతి.

ఇంత సహనం గల జనానికి కోపం వచ్చిన ఘట్టం ఒకటుంది. జస్టిన్ టింబర్‌లేక్ అప్పటికి ఇరవై రెండేళ్ళ కుర్రవాడు. ఆడపిల్లలు వెర్రెత్తిపోయే పాప్ గాయకుడు. అతను వేదిక ఎక్కగానే ముందు వరసల్లోంచి నీళ్ళ సీసాలు లేచాయి. చేతికందినదల్లా విసిరారు. అతను ఆపకుండా పాడాడు. పక్కవాడు ఏ దేశంవాడు, ఏ దేవుణ్ణి కొలుస్తాడు, ఇన్నాళ్ళూ ఏ ఆస్పత్రిలో పనిచేసి వచ్చాడు అని అడగని జనం, వాడు ఏ పాట ఇష్టపడతాడన్న దగ్గర మాత్రం రాళ్ళు పట్టుకుంది. మా ముందున్న పదమూడేళ్ళ పిల్ల అతని కోసమే వచ్చింది, ఏడ్చేసింది. వాళ్ళ నాన్న ఏసీడీసీ అభిమాని. కూతురి మొహం చూడలేక తల తిప్పుకున్నాడు. రాత్రి రోలింగ్ స్టోన్స్ అదే కుర్రవాణ్ణి పిలిచి తమతో ఒక పాట పాడించారు. అప్పుడూ సీసాలు పడ్డాయి. కీత్ రిచర్డ్స్ మొహంలో విసుగు పెద్ద తెర మీద అందరికీ కనిపించింది. విసిరినవాళ్ళది సంగీతాభిమానం కాదు, కులాభిమానం. నా అభిప్రాయం మార్చుకోవడానికి ఇరవై ఏళ్ళు గడిచినా నాకు కారణం దొరకలేదు.

ఆ రోజు గెలిచిందెవరంటే ఏసీడీసీ అని చెబుతాను. ఆస్ట్రేలియా బృందం. స్కాట్లండులో పుట్టిన ఆంగస్ యంగ్, నలభై ఎనిమిదేళ్ళ వయసులో బడిపిల్లాడి నిక్కరు తొడుక్కుని, ఒంటికాలి మీద ఎగురుతూ గిటారు వాయించాడు. ఆ సంగీతంలో నాకు నచ్చింది ఏదీ లేదు. కానీ నాలుగు లక్షల మంది ఒకే దెబ్బకి ఒక్కసారి ఎగిరితే నేల కదులుతుంది. మనకి ఇష్టమా అని నేల అడగదు. మా వదిన కూడా ఎగిరింది. తర్వాత వచ్చిన రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్‌కి నాలుగు రోజుల కిందటే అరవై నిండాయి. వేదిక ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తుతూ పాడాడు. ఆంగస్ యంగూ, ఏసీడీసీలోనే వాయించిన అతని అన్నయ్యా కూడా ఒక పాత బ్లూస్ పాటకి వాళ్ళతో చేరారు. అంతా అయ్యేసరికి అర్ధరాత్రి.

అంతమంది ఒకేసారి ఇంటిముఖం పట్టేసరికి మాత్రం నాకు భయమేసింది. గుంపుల తీరు చదివినవాళ్ళు చెప్పేదేమంటే, చదరపు మీటరుకి నలుగురు దాకా నిలబడితే ఎవరి కాళ్ళ మీద వాళ్ళుంటారు. ఆరేడుగురు దాటితే మనిషికి తన నడక తన చేతిలో ఉండదు, గుంపు ఎటు ఒరిగితే అటు ఒరుగుతాడు. చనిపోయేవాళ్ళు ఎక్కువగా కాళ్ళ కింద పడి కాదు, నిలబడి ఉండగానే ఊపిరాడక పోతారు. 2000 సంవత్సరంలో డెన్మార్కులోని రోస్కిల్డే కచేరీలో అలాగే తొమ్మిది మంది కుర్రవాళ్ళు పోయారు. మేము డౌన్స్‌వ్యూలో నిలబడ్డ రోజుకి నెల తిరక్కుండానే, అదే గోదావరి ఎగువన నాసిక్ కుంభమేళాలో తొక్కిసలాట జరిగి ముప్పై మందికి పైగా చనిపోయారు. 2015లో మా రాజమండ్రి రేవులోనే, పుష్కరాల మొదటి రోజున, పాతిక మందికి పైగా. జనం ఎక్కువ కావడం వల్ల మాత్రమే కాదు ఇవి జరిగేది. చాలాసార్లు రావడానికీ పోవడానికీ ఒకే దారి పెట్టి, ఆ దారికి అడ్డం కట్టడం వల్ల. డౌన్స్‌వ్యూలో జనాన్ని మధ్యమధ్య కంచెలతో విడదీశారు, నలువైపులా దారులు వదిలారు. చాలామంది రైలు స్టేషను దగ్గర ఆగకుండా రోడ్డు వెంబడి మైళ్ళు నడిచి పోయారు. మేమూ నడిచాం. తొక్కిసలాట జరగలేదు.

దారిలో వదిన చాలాసేపు మాట్లాడలేదు. వేదిక మీద నుంచి ఆస్పత్రి సిబ్బందికి కృతజ్ఞతలు చెప్పినప్పుడు లక్షల చేతులు చప్పట్లు కొట్టాయి. నేను ఆ మాటే ఎత్తాను.

"చప్పట్లు బాగానే ఉన్నాయి వదినా. మార్చిలో మాస్కులు అడిగాం, అవి ఇచ్చుంటే ఇంకా బాగుండేది" అంది.

అది ఆవిడ ఒక్కదాని మాట కాదు. టొరంటో ఉన్న రాష్ట్రంలో సార్స్ సోకిన ప్రతి వందమందిలో నలభై మందికి పైగా ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళే. రోగుల ద్వారా అంటుకుని చనిపోయినవాళ్ళలో ఇద్దరు నర్సులు, ఒక డాక్టరు ఉన్నారు. ముగ్గురూ ఆసియా మూలాలున్నవాళ్ళు. బస్సులో ఆసియా మొహం కనిపిస్తే జనం లేచి వేరే సీటుకి పోయిన నెలల్లో వాళ్ళు రోగుల మధ్య పనిచేస్తున్నారు.

ఇంతకీ ఆ టముకు బయటి ఊళ్ళవాళ్ళకి వినిపించిందా? ఒక్క రాత్రి పాటలతో యాత్రికులు తిరిగొస్తారా? నా లెక్కలో ఆ కచేరీ పరాయివాళ్ళని పిలవడానికి పనికొచ్చిన దానికంటే, ఊరివాళ్ళు ఒకళ్ళ పక్కన ఒకళ్ళు నిలబడి చూసుకోవడానికే ఎక్కువ పనికొచ్చింది. అదేమీ చిన్న పని కాదు. అందుకైన ఖర్చుని నేను తప్పు పట్టను.

సార్స్ మీద విచారణకు న్యాయమూర్తి ఆర్చీ క్యాంప్‌బెల్‌ని వేశారు. ఆయన చివరి నివేదిక 2007 జనవరిలో వచ్చింది. రెండో విడత మొదలవుతోందని నర్సులు ముందే చెప్పినా పైవాళ్ళు చెవిన పెట్టలేదనీ, శాస్త్రం పూర్తిగా తేల్చేదాకా ఆగకుండా ముందు సిబ్బంది ఊపిరికి రక్షణ కల్పించాలనీ అందులో రాశాడు.